పాత చోటికా, కొత్త చోటికా?

వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ చాలా ఇళ్ళలో ఒక తగవు మొదలవుతుంది. ఏటా వెళ్ళే ఊరికే వెళదామంటారు పెద్దలు. అక్కడ బస ఎక్కడ బాగుంటుందో, ఏ హోటలు భోజనం ఒంటికి పడుతుందో, సాయంకాలం ఏ దారిన నడిస్తే గాలి చల్లగా తగులుతుందో వారికి తెలుసు. పిల్లలకు అదంతా పాతబడిపోయింది. హార్సిలీ కొండలు మూడుసార్లు చూసినవారు ఈసారైనా అరకు లోయ చూడాలంటారు. పెద్దల మాటలోనూ న్యాయమున్నది, పిల్లల మాటలోనూ ఉన్నది. చివరకు ఎవరి పట్టుదల ఎక్కువైతే వారి మాట చెల్లుతుంది.

ఈ తగవు మనుష్యులకు మాత్రమే సంబంధించినది కాదు. కొంగకూ, తేనెటీగకూ, సముద్రపు తాబేలుకూ కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది. అయితే వాటి విషయంలో తప్పు నిర్ణయానికి శిక్ష ఒక సెలవు వృథా కావటం కాదు. పిల్లలు దక్కకపోవటం, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవటం. అందుచేత అవి ఏమి చేస్తున్నవో గమనించటం దండుగ కాదు.

పక్షులు పాత చోటికే తిరిగి వస్తాయని పల్లెటూరి వారికి ఎప్పటినుంచో తెలుసు. కాని వచ్చినది నిరుటి పక్షేనా, దాని జాతిలో మరొకటా? ఈ ప్రశ్నకు మొదట ప్రయోగపూర్వకంగా జవాబు వెదికినవారిలో ఎడ్వర్డ్ జెన్నర్ ఒకడు. మశూచికి టీకా కనిపెట్టిన వైద్యుడాయనే. ఆ రోజులలో ఐరోపాలో వానకోవిలలు శీతకాలమంతా చెరువు అడుగున బురదలో నిద్రపోతాయని నమ్మేవారు చాలామంది ఉండేవారు. వానకోవిలను పోలిన స్విఫ్టు అనే పిట్టలను పన్నెండింటిని జెన్నర్ ఒక రైతు ఇంట గూళ్ళలో పట్టి, ఒక్కొక్కదాని ఒక కాలికి రెండు గోళ్ళు తీసి, గుర్తు పెట్టి వదిలాడు. మరుసటి ఏడు అవే గూళ్ళలో గుర్తున్న పిట్టలు కొన్ని దొరికినవి. రెండవ ఏడూ, మూడవ ఏడూ కూడా దొరికినవి. ఆ తరువాత ఆయన వెదకటం మానివేశాడు. ఏడేళ్ళు గడిచాక ఆ రైతు ఇంటి పిల్లి ఒక పిట్టను నోట కరుచుకుని వంటింట్లోకి వచ్చింది. చూస్తే దాని కాలికీ రెండు గోళ్ళు లేవు! ఈ సంగతులు జెన్నర్ మరణించిన మరుసటి ఏడు, 1824లో, అచ్చయినవి. 1899లో డెన్మార్కు ఉపాధ్యాయుడు మోర్టెన్‌సెన్ పిట్టల కాళ్ళకు అంకెలు చెక్కిన అల్యూమినియం ఉంగరాలు తొడిగే పద్ధతి ప్రారంభించిన తరువాత ఇటువంటి సాక్ష్యం పోగుపడింది. గోళ్ళు తీయవలసిన అగత్యమూ తప్పింది.

తెలిసిన చోటికి మళ్ళీ వెళ్ళటంలో లాభం స్పష్టమే. మేత ఏ మూల దొరుకుతుందో, పాము ఏ తొర్రలో ఉంటుందో, గాలివానకు ఏ కొమ్మ ఊగకుండా నిలుస్తుందో పక్షికి ముందే తెలిసి ఉంటుంది. ఈ జ్ఞానం సంపాదించటానికి దానికి ఒక కాలం పట్టింది; చోటు మారిస్తే ఆ సంపాదన అంతా పోతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. నిరుడు ఒక చెట్టు మీద పిల్లలు క్షేమంగా ఎగిరిపోయినవంటే, ఆ చెట్టు మంచిదనటానికి అదే ఋజువు. తెలియని వందచెట్ల గురించి అటువంటి ఋజువు ఏదీ లేదు.

మరి నిరుడు పిల్లలు దక్కకపోతే? ఉత్తర అట్లాంటిక్ తీరపు కొండ అంచుల మీద గుంపులుగా గూళ్ళు పెట్టే కిట్టివేక్ అనే సముద్రపు పక్షిని ఈ విషయంలో శాస్త్రజ్ఞులు చాలాకాలం పరిశీలించారు. గూడు ఫలించిన జంట సాధారణంగా మరుసటి ఏడు అక్కడికే వస్తుంది. విఫలమైన జంట మాత్రం తన అనుభవాన్ని ఒక్కదానినే నమ్మదు. ఇరుగుపొరుగు గూళ్ళను చూస్తుంది. చుట్టుపక్కల వారందరికీ పిల్లలు దక్కి తనకు ఒక్కదానికే దక్కకపోతే, చోటు మంచిదే, తన అదృష్టం బాగులేదన్నట్లు మళ్ళీ అక్కడికే వస్తుంది. చుట్టూ ఉన్న గూళ్ళు కూడా చెడిపోతే ఆ కొండ అంచును విడిచిపెట్టే అవకాశం ఎక్కువ. అంతేకాదు, ఋతువు చివర పని లేని పక్షులూ, ఇంకా జత కట్టని పడుచు పక్షులూ ఇతర కొండల మీద వాలి, ఎవరి గూళ్ళలో పిల్లలున్నవో చూసి పోతూ ఉంటవి. వచ్చే ఏటి బస కోసం ఈ ఏడే విచారించుకోవటమన్నమాట.

పడుచు పక్షులు అనటం యాదృచ్ఛికం కాదు. పక్షులలో ఒకసారి గూడు పెట్టినవి చోటును అంటిపెట్టుకుని ఉండగా, మొదటిసారి గూడు వెదుక్కునేవి దూరాలు తిరుగుతవి. ఇంట్లో పిల్లలు కొత్త ఊరు కావాలనటం, పెద్దలు పాత ఊరే చాలుననటం వంటి విభజనే ఇది. దీనికి కారణం స్వభావంలోని తేడా ఒక్కటే కాదు, లెక్కలో కూడా ఉన్నది. ఆ లెక్క హైస్కూలు విద్యార్థి చేయగలిగినదే. ఉపాధ్యాయులు నల్లబల్ల మీద చేయించవచ్చు.

ఏటా వెళ్ళే ఊరికి పదింటికి 6 మార్కులు వేద్దాం. ఎన్నిసార్లు వెళ్ళినా 6 మార్కుల సంతోషం ఖాయం. కొత్త ఊరు ఎట్లా ఉంటుందో తెలియదు. బాగుంటే 9, బాగులేకపోతే 2. రెండింటికీ సమాన సంభావ్యత ఉన్నదనుకుందాం. అప్పుడు కొత్త ఊరి సగటు 5½. ఇక మిగిలినది ఒక్క సెలవే అయితే పాత ఊరికి వెళ్ళటమే మేలు. 5½ కంటె 6 పెద్దది.

రెండు సెలవులు మిగిలి ఉంటే? రెండుసార్లూ పాత ఊరే అయితే 12. మొదటిసారి కొత్త ఊరికి వెళితే, అది బాగున్నపుడు రెండవసారీ అక్కడికే వెళతాము గనుక 18. బాగులేకపోతే రెండవసారి పాత ఊరికి మరలుతాము గనుక 2, 6 కలిపి 8. ఈ రెండింటి సగటు 13. లెక్క అప్పుడే తిరగబడింది. పది సెలవులు ఉన్నవనుకుంటే పాత ఊరికి 60. కొత్త ఊరిని ముందు పరీక్షిస్తే బాగున్నపుడు 90, బాగులేనపుడు 56, సగటు 73. అదే పరీక్షను చివరి సెలవుకు వాయిదా వేస్తే 54కు 5½ కలిపి 59½ మాత్రమే. అసలు వెళ్ళకపోయినా 60 వచ్చేది. ఊరు అదే, ప్రయాణమూ అదే. ముందు చేస్తే 13 మార్కుల లాభం, చివర చేస్తే అర మార్కు నష్టం. కొత్త చోటు చూడటంలో విలువ ఆనాటి సంతోషంలో కంటె, దానివల్ల కలిగిన తెలివిడిని ఇంకా ఎన్నాళ్ళు వాడుకోగలమన్న దానిలో ఎక్కువ ఉన్నది. ముందు చాలా కాలమున్న పిల్లలు కొత్త ఊరి కోసం పేచీ పెట్టటం గణితానికి విరుద్ధం కాదు.

నిజ జీవితంలో ఊళ్ళు రెండే ఉండవు, మార్కులూ ఇట్లా తేలవు. అప్పుడు ఈ సమస్య ఎంత జటిలమవుతుందో గణితశాస్త్రజ్ఞులకు అనుభవమే. జూదశాలలో మీట లాగితే డబ్బు రాల్చే యంత్రాన్ని ‘ఒంటిచేతి బందిపోటు’ అని హాస్యానికి అంటారు. అటువంటి యంత్రాలు అనేకం ఉండగా ఏ మీటను ఎన్నిసార్లు లాగాలన్న రూపంలో ఈ సమస్యను చెప్పటం వాడుక. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మిత్రరాజ్యాల శాస్త్రజ్ఞులు దీనితో ఎంతగా తల బద్దలు కొట్టుకున్నారంటే, ఈ సమస్యను జర్మనీ మీద జారవిడిస్తే శత్రువుల బుర్రలూ పాడవుతాయని ఎవరో సూచించారట. ఈ ఛలోక్తిని చెప్పినవాడు న్యూజిలాండుకు చెందిన గణితశాస్త్రజ్ఞుడు పీటర్ విటిల్. 1970వ దశకంలో జాన్ గిట్టిన్స్ దీనికి ఒక చక్కని పరిష్కారం చూపాడు. దాని ప్రకారం, వచ్చే ఏటి సంతోషాన్ని ఈ ఏటి దానిలో పదింట తొమ్మిది వంతులుగా లెక్కకట్టే మనిషికి, బొత్తిగా తెలియని చోటు పదింట ఏడుసార్లు తృప్తినిచ్చే పాత చోటుతో ఇంచుమించు సమానం. తెలియని దాని సగటు పదింట అయిదే అయినా, అది బాగుంటే మళ్ళీ మళ్ళీ వెళ్ళవచ్చుననే ఆశకే మరి రెండు మార్కులు కలుస్తున్నవి.

ఇది జూదానికీ, విహారానికీ మాత్రమే పనికివచ్చే లెక్క అయితే ఇంతమంది దీని వెంట పడేవారు కారు. 1933లో విలియం థాంప్సన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని మొదట ప్రస్తావించినది రోగుల విషయంలో. ఒక జబ్బుకు పాత మందు ఒకటి, కొత్త మందు ఒకటి ఉన్నవి. కొత్తది మెరుగేమోనని తోస్తున్నది కాని నిశ్చయం లేదు. అందరికీ పాతదే ఇస్తే కొత్తదాని గుణం ఎన్నటికీ తెలియదు. ఋజువు కోసం చాలామందికి నాసి మందు ఇవ్వటమూ అన్యాయమే. పరీక్షలో పాల్గొన్న రోగికి అతని ప్రాణం ఒక అంకె కాదు గదా. ఒక మందు మెరుగైనదనే సంభావ్యత ఎంత ఉన్నదో అంత నిష్పత్తిలో దానిని రోగులకు ఇస్తూ, ఫలితాలు తెలిసిన కొద్దీ ఆ నిష్పత్తిని మార్చుకుంటూ పోవాలని థాంప్సన్ సూచించాడు. కొన్ని దశాబ్దాలపాటు ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు తక్కువ. కంప్యూటర్లు వచ్చిన తరువాత గాని దాని విలువ తెలియలేదు.

తేనెటీగలు మాత్రం ఇటువంటి పంపకాన్ని ఎవరూ చెప్పకుండానే చేసుకుంటున్నవి. పట్టులోని మేత ఈగలలో ఎక్కువ భాగం, ఎవరో కనిపెట్టిన పూల జాడను నృత్యం ద్వారా తెలుసుకుని అక్కడికే పోతవి. ఆ నృత్యభాషను విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానం వచ్చింది. కొద్ది భాగం మాత్రం ఆ నృత్యాన్ని లక్ష్యపెట్టక కొత్త పూలను వెదుకుతూ తిరుగుతవి. ఎదుట పూలు విరగబూసి ఉన్నా ఈ వేగుల పని పూర్తిగా ఆగదు. నేటి తోట రేపు వాడిపోతే పట్టుకు ఆధారం ఆ వేగులే.

పై లెక్కలో ఒక లోపమున్నది. పాత ఊరు ఎప్పటికీ 6 మార్కులే ఇస్తుందని అందులో అనుకున్నాము. చోట్లు మారిపోతవి. కొల్లేటి గూడబాతుల కథ ఇందుకు సాక్ష్యం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు ప్రాంతంలో 1946లో పక్షి శాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ గూడబాతుల స్థావరమొకటి చూశాడు. దాదాపు మూడువేల పక్షులు అక్కడ గూళ్ళు పెట్టి ఉండినవి. ఏటా తిరిగివచ్చే ఆ స్థావరం 1975 ప్రాంతానికి అదృశ్యమైపోయింది. ముప్పై ఏళ్ళు కూడా పట్టలేదు. సూళ్ళూరుపేట సమీపాన నేలపట్టులో, నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్ళు పెట్టే గూడబాతుల కోసం 1976లో రక్షితస్థలం ఏర్పడింది. పులికాటు సరస్సు చేపలు వాటికి అందుబాటులో ఉన్నవి.

ఈ పక్షుల గురించి ఒక అపోహ ఇక్కడే తొలగించవలసి ఉన్నది. శ్రీకాకుళం ప్రాంతంలోని తేలినీలాపురం వంటి చోట్లకు ఏటా చలికాలానికి ముందు వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని గ్రామస్థులేకాక పత్రికలవారు కూడా వ్రాస్తుంటారు. ఇవి సైబీరియా ముఖం ఎరుగవు. మన దేశపు చెరువుల మధ్యనే, నీరూ చేపా ఉన్న చోటికల్లా తిరుగుతూ, గూడు పెట్టేటప్పుడు తెలిసిన చెట్లకు చేరుకుంటవి. ఊరివారు వాటి రాకను శుభంగా భావించి కొట్టకుండా కాపాడటం ఆ చెట్లకు వచ్చే మార్కులలో ఎక్కువ భాగం.

అయినా తెలిసిన చోటులోనూ ప్రమాదం పుట్టవచ్చును. 2021–22 చలికాలంలో తేలినీలాపురంలో చేపల ద్వారా నులిపురుగులు సోకి గూడబాతులు పదుల సంఖ్యలో చనిపోయినవి. ఏళ్ళ తరబడి మేత ఇచ్చిన చెరువు ఒక ఋతువులో విషమయితే, దానిని కనిపెట్టే సాధనం పక్షికి లేదు. దాని వద్ద ఉన్నది నిరుటి అనుభవమే.

కొల్లేటి ప్రాంతాన్ని గూడబాతులు శాశ్వతంగా విడిచిపెట్టలేదు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. కైకలూరు దగ్గర ఆటపాక వద్ద గూళ్ళకు తగిన చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నాటించారు. కొమ్మ తప్ప మరొకటి ఎరుగని పక్షులు ఇనుము మీద వాలుతాయా అన్నది అప్పటి సందేహం. కొన్ని వాలినవి, పుల్లలు తెచ్చి పేర్చినవి, పిల్లలను పెంచినవి. వాటిని చూసి మరికొన్ని వచ్చినవి. నేడు ఆ మంచెల మీద గూడబాతుల గూళ్ళు ఒకదాని నొకటి ఆనుకుని ఉంటవి. అక్కడ పుట్టిన పక్షులకు కొమ్మే కొత్త, ఇనుప మంచే పాత చోటు.