నేల విడిచిన సాము

మంచె అను మాట తెలుగువానికి కొత్త కాదు. నాలుగు గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, పైన గడ్డి కప్పిన ఆ చిన్న అరుగుమీద నిలిచి, వడిసెల త్రిప్పుచు జొన్నచేలకు కావలి కాచిన కాలము మన పల్లెలు మరచిపోలేదు. ఆ మంచెయే అడవిలో చెట్టుకొమ్మల నడుమకు ఎక్కినప్పుడు వేటగాని ఆసనమైనది. ఉత్తరాదివారు దానిని మచాన్ అన్నారు. క్రింద ఎర, పైన తుపాకి, నడుమ నిశ్శబ్దము: ఇదియే మంచెవేట. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను (పాలనాకాలము 1869–1911) పులివేటలో పేరు మోసిన ప్రభువు. అట్టి ప్రభువుల వేటకథలు మనము ఎన్నియో విన్నాము. కాని కథలకు ఒక పక్షపాతము కలదు. పులి కరచినవాడు కథలోనికి ఎక్కును. నిద్రమత్తులో కొమ్మ జారి పడినవాడు ఎక్కడు.

ఆ వేట ముగిసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటగానిని మంచె దింపినది. హైదరాబాదునకు ఉత్తరమున, శామీర్‌పేట చెరువు చేరువనున్న జవహర్ జింకల పార్కులో నేడు జింకను చూడబోవువాడు నేలమీద నిలిచియే చూచును. అయినను మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో మనిషి చెట్టెక్కుట మాత్రము మానలేదు. నాగపూరు పోవు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగాను, కరీంనగరు పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగాను సాగుచున్నవి. ఔటర్ రింగు రోడ్డు ఆ రెండింటిని కలుపుచున్నది. ఇన్ని బాటల నడుమ, ఇన్ని కొత్త కట్టడముల నడుమ, చెరువుకట్టలమీదను పొలముగట్లమీదను తాటిచెట్లు ఇంకను నిలిచియున్నవి. వాని నెక్కువాడు గీతకార్మికుడు. వేటగాడు వినోదమునకు ఎక్కెను. ఇతడు పొట్టకూటికి ఎక్కుచున్నాడు. వేటగాడు రాత్రికి ఒక చెట్టు ఎక్కెను. ఇతడు ఉదయము ఎక్కిన చెట్లనే సాయంకాలము మరల ఎక్కుచున్నాడు. కావున చెట్టుమీదినుండి పడుట అను ఆపదను గూర్చి ఈ ప్రాంతమున మాటలాడదలచినచో, ఇతనిని గూర్చియే మాటలాడవలెను.

ఇతడేల ఇన్నిమారులు ఎక్కవలెను? కల్లు ఒకమారు కోసి తెచ్చుకొను పంట కాదు. గెల కొసను కత్తితో పలుచగా చెక్కినగాని ధార రాదు. నేడు చెక్కిన గాయము రేపటికి ఆరిపోవును, మరల చెక్కవలెను. దిగిన కల్లు గంటలలోనే పులియును గనుక కుండను సకాలమున దింపవలెను. కనుక చెట్టు ఇతనికి సెలవు ఇయ్యదు. మంచు కురిసిన తెల్లవారుజామున గాని, వాన వెలిసి మ్రాను తడిసియున్న సాయంకాలమున గాని, ఎక్కక తప్పదు.

ఇతని సామగ్రి స్వల్పము. నడుమును చెట్టును చుట్టివచ్చు మోకు, కత్తులను కుండను మోయు ముస్తాదు, పాదములకు పట్టునిచ్చు బందము. ఇంతే. మోకు వెనుకటి తరములవారు కనిపెట్టిన గొప్ప సాధనము. ఎక్కువాడు వెనుకకు వాలినప్పుడు అతని బరువే మోకును మ్రానికి అదుముచున్నది. ఆ రాపిడియే అతనిని నిలుపుచున్నది. ముందుకు వంగి మోకును ఒక జేనెడు పైకి విసరి, మరల వాలి, పాదములు పైకి తీసికొనును. చూచువారికి అది ఒక నాట్యమువలె కనబడును.

కాని ఆ నాట్యములోని రహస్యము ఒకటి మనము గ్రహింపవలెను. మోకు అతనిని మోయుట లేదు. అతడు వాలియున్నంతసేపు మాత్రమే అది పట్టుచున్నది. తడిసిన మ్రానుమీద పాదము జారి ఒడలు చెట్టునకు అంటుకొన్నచో మోకు వదులగును. వదులైన మోకు మనిషితోబాటు తానును జారును. ఇక తలభాగమునకు చేరిన పిమ్మట వేరొక గండము కలదు. అక్కడ మట్టలు అడ్డుపడును. మోకును సడలించి, మట్టలలోనికి మారి, కూర్చుండి, ఒక చేత గెలను, ఒక చేత కత్తిని పట్టవలెను. అప్పుడు చెట్టును పట్టుటకు మూడవ చేయి లేదు. ఎండిన మట్ట ఊడవచ్చును, కందిరీగ లేవవచ్చును, మట్టల సందున పాము ఉండవచ్చును. బెదరిన చేయి తన్నుకొను ఆ ఒక్క క్షణమున అతడు దేనికిని కట్టబడియుండలేదు.

ఎత్తు మనిషిని చంపదు. కట్టులేని క్షణము చంపును. ఈ ఒక్క మాటను గ్రహించినచో తక్కిన దంతయు దానినుండియే తేలును. 50 అడుగుల ఎత్తునుండి పడినవాడు రెండు సెకండ్లు నిండకముందే నేలను తాకును. తాకునప్పటికి అతని వేగము గంటకు సుమారు 62 కిలోమీటర్లు. ఆ వ్యవధిలో ఏ చేయి ఏ మట్టను పట్టగలదు? ఏ అనుభవము అక్కరకు వచ్చును? ముప్పది యేండ్లుగా ఎక్కుచున్నాను, నాకేమి యగునని అనుకొనువాడు ఈ లెక్కను ఒకమారు తలచుకొనవలెను.

ఈ పాఠమును మనకంటె ముందు నేర్చినవారు దూరదేశపు వేటగాండ్రు. అమెరికాలో జింకలవేట నేటికిని చట్టసమ్మతము. అచ్చటివారు చెట్టునకు చిన్న పీట బిగించి దానిమీద పొంచియుందురు. అది మన మంచెకు దాయాదియే. ఆ వేటలో గాయపడువారిలో చెట్టుమీదినుండి పడినవారే హెచ్చు అని అచ్చటి శిక్షకులు ఎల్లప్పుడు హెచ్చరించుచుందురు. పడుట కూడ పీటమీద కునుకుచుండగనే కాదు. ఎక్కునప్పుడు, దిగునప్పుడు, నిచ్చెనమీదినుండి పీటమీదికి అడుగు మార్చునప్పుడు. మన తాటిచెట్టు తలభాగమున గీతకార్మికునికి వచ్చు గండమును ఇదియే గదా!

వారు ఏర్పరచుకొన్న నియమములు తేలికయైనవి. రెండు చేతులు, రెండు పాదములు కలిసి నాలుగు పట్లు. వానిలో మూడు ఎల్లప్పుడు చెట్టును విడువరాదు. తుపాకిని మోసికొని ఎక్కరాదు. గుండ్లు తీసి క్రిందనుంచి, పైకి చేరిన పిమ్మట త్రాటితో లాగుకొనవలెను. నడుమునకు మాత్రమేగాక భుజములకు, తొడలకు కూడ పట్టీలు తొడుగుకొనవలెను. చెట్టు మొదటినుండి తలవరకు ఒక త్రాడు వ్రేలాడదీసి, నేలమీద నుండగనే దానికి తన్ను తాను తగిలించుకొనవలెను. ఆ త్రాటికి వేయు ముడికి ఒక చరిత్ర కలదు. కార్ల్ ప్రూసిక్ అను ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడు 1931లో దానిని వివరించెను. బరువు లేనప్పుడు చేతితో త్రోసినచో అది త్రాటివెంట జారును. బరువు పడినంతనే బిగిసి కదలక నిలుచును. మన మోకు చేయలేని పని సరిగా అదియే.

కొండవాని విద్య చెట్టువానికి పనికివచ్చుట మన నేలమీదను జరిగినది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కిన మాలావత్ పూర్ణ త్రాటిమీద తొలిపాఠములు నేర్చినది మన భువనగిరి బండమీదనే. కట్టులేక పైకి పోరాదను ఆ విద్యయొక్క మొదటి సూత్రమే తాటిచెట్టునకు దిగివచ్చినది. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలము లష్కర్‌గూడలో, తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గీతకార్మికులకు రక్షణసామగ్రి పంచు పథకమును ప్రారంభించెను. నడుమునకు తొడలకు బిగించు పట్టీలు, త్రాళ్ళు, పాదమునకు ఊతమిచ్చు ఉచ్చు అందులోనివి. గౌడుల కులదైవము పేర దానికి కాటమయ్య రక్షణ కవచము అని పేరు పెట్టిరి. చెట్టెక్కబోవుచు ఏ దేవుని తలచుకొందురో ఆ దేవుని పేరే త్రాటికి పెట్టుట యోగ్యమైన ఆలోచన. దేవుడు కాపాడునను నమ్మకము, త్రాడు కాపాడునను జ్ఞానము ఒకదాని కొకటి విరోధులు కావని దాని భావము.

అయినను సామగ్రి ఇచ్చినంతనే పని ముగియదు. వృద్ధులైన గీతకార్మికులు చెప్పు అభ్యంతరములను తేలికగా తీసివేయరాదు. పట్టీలు తొడుగుకొనుటకు సమయము పట్టును. మోకుతో ఎక్కినంత వేగముగా ఎక్కలేము. ఎండలో ఒరసికొని ఒడలు మండును. కూలివానికి గంట ఎంతయో, గీతకార్మికునికి చెట్టు అంత. ఒక చెట్టు తప్పినచో ఒక కుండ తప్పును. ఈ మాటలు అబద్ధములు కావు. కాని లెక్కను చివరివరకు వేయవలెను. చెట్టుకు కొన్ని నిమిషములు హెచ్చుగా పట్టినచో దినమునకు ఒకటి రెండు చెట్లు తగ్గవచ్చును. వెన్ను విరిగి మంచము పట్టినచో ఆ జన్మకు చెట్లన్నియు తగ్గును. కొత్త సాధనము చేతికి అలవడువరకు పొట్టిచెట్లమీద, తోడు నిలిచినవాని యెదుట సాధన చేయవలెను. అలవాటైన పిమ్మట ఆలస్యము సగమునకు సగము తానే తగ్గును.

ఇచ్చట ఒక తారతమ్యము కనులకు కట్టుచున్నది. ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన బహుళాంతస్తుల భవనములు లేచుచున్నవి. భవననిర్మాణ కార్మికులకొరకు 1996లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. ఎత్తున పనిచేయువానికి పట్టీ, తలకు టోపీ ఇయ్యవలసినది యజమాని. చట్టము అన్నిచోట్ల అమలగుచున్నదా అనునది వేరు ప్రశ్న; అడుగుటకు ఒక యజమాని యైనను కలడు. ఆ భవనపు నీడలోనే నిలిచిన తాటిచెట్టుమీది మనిషికి యజమాని లేడు. అతడు పడినచో తలవ్రాత అందుము. ఎత్తు ఒకటియే, నేల ఒకటియే. ఒకచోట అపరాధమైనది వేరొకచోట విధి ఎట్లగును?

ఇంత జాగ్రత్తపడినను ఆపద రావచ్చును. కనుక తరువాతి సంగతియు చెప్పుకొనవలెను. పట్టీలకు వ్రేలాడుచు ఆగిపోయినవాడు బ్రతికితినని ఊరకుండరాదు. కదలక వ్రేలాడినచో రక్తము కాళ్ళలో నిలిచి స్పృహ తప్పును, కొద్దిసేపటిలోనే ప్రాణాపాయము. పాదములకు ఉచ్చు తగిలించుకొని దానిమీద నిలుచుచు, కాళ్ళు ఆడించుచుండవలెను. అందుకే ఒంటరిగా ఎక్కరాదు. ఏ గట్టున, ఏ వేళ ఎక్కుచున్నాడో ఇంటిలో ఒకరికైనను తెలిసియుండవలెను; సెల్‌ఫోను చెట్టు మొదట కాదు, ఒంటిమీద ఉండవలెను.

ఇక నేల కూలినవానిని చంకలు పట్టి లేవనెత్తుట, ఆటోలో కూర్చుండబెట్టుట మన పల్లెలలో దయతో చేయు ఘోరమైన పొరపాట్లు. విరిగిన వెన్నుపూసను కదలించినచో లోని నరముల త్రాడు తెగి, నడువగలవాడు నడువలేనివాడగును. మెడను, వెన్నును ఒకే వరుసలో నిలిపి, పలుకమీద పడుకొనబెట్టి మాత్రమే కదలింపవలెను. అంతవరకు కదలింపక 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఆ అంబులెన్సు సేవకు కేంద్రస్థానము మేడ్చల్ బాటమీది దేవరయాంజాల్. పిలుపు వినువారు ఇంత చేరువనే యున్నారు. పిలుచువారికి తొందరపాటు లేకుండవలెను.

తాడెక్కువానిని ఎంతవరకని ఎగదోయగలమని మన సామెత. ఆ మాటను ఇన్నాళ్ళు చేతులు కడుగుకొనుటకు వాడితిమి. ఎగదోయలేము, నిజమే, కాని పడకుండ పట్టగలము. గీతకార్మికులకు 5 లక్షల రూపాయల బీమా కల్పింతుమని 2023లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది. అట్టి సాయము అవసరమే. ఆధారము కోల్పోయిన ఇంటికి అది అన్నము. కాని పరిహారము పడిన పిమ్మట వచ్చునది. త్రాడు పడకముందు ఉండునది. ఆ త్రాడు ప్రతి గీతకార్మికుని చేతికి చేరుట ప్రభుత్వపు పూచీ. ప్రతి దినము దానిని తొడుగుకొనుట అతని పూచీ. కవచము లేక చెట్టువైపు నడచువానిని ఆపి అడుగుట ఇంటివారి, ఊరివారి పూచీ.

పాదము నేల విడిచినది మొదలు మరల నేలను తాకువరకు ఒక్క క్షణమైనను కట్టు విడువరాదు. ఇంతకు మించిన శాస్త్రము ఇందులో లేదు. నేల విడిచిన సాము చేయువానికి నేలయై నిలువగలది ఆ త్రాడు ఒక్కటే.