ఆఫీసు కంప్యూటర్ ఊరికే బీప్‌మంటోందా?

బాతెల్ ఆఫీసులో మీ డెస్క్‌టాప్ అస్తమానం బీప్‌మంటుంటే, ముందు ఆ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టండి.

కంట్రోల్ ప్యానెల్‌లో 'సౌండ్' తెరిచి 'నో సౌండ్స్' ఎంచుకుంటే విండోస్ మోతలు చాలావరకు ఆగుతాయి. క్యాప్స్ లాక్ నొక్కినప్పుడల్లా మోగుతుంటే యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో 'టాగుల్ కీస్' ఆపేయండి. సెట్టింగులు కంపెనీ లాక్ చేసి ఉంటే ఐటీ వాళ్ళనే అడగాలి.

కొన్ని బీప్‌లు మాత్రం హెచ్చరికలు. ఆన్ చేయగానే వరసగా వినిపిస్తే మెమరీ లాంటి భాగం ఏదో పాడై ఉండొచ్చు. కరెంటు పోయి యూపీఎస్ మోగితే వెంటనే పని సేవ్ చేసుకోండి. వీటి నోరు మూయించడానికి సీపీయూ విప్పి తీగలు పీకొద్దు.

చెప్పినా ఎవరూ పట్టించుకోవడం లేదా? తలనొప్పో, చెవుల్లో హోరో వస్తుంటే తేదీలతో సహా మేనేజరుకు ఈమెయిల్ రాసి, కాపీ దాచుకోండి. వాషింగ్టన్ రాష్ట్రంలో పనిచోట భద్రత చూసేది లేబర్ అండ్ ఇండస్ట్రీస్ శాఖ. వినికిడి రక్షణ నిబంధనలు 8 గంటల సగటు 85 డెసిబెల్స్ దగ్గర మొదలవుతాయి. డెస్క్‌టాప్ బీప్ అంతదాకా రాదు. అయినా ఆరోగ్యం, భద్రత గురించి అడిగినందుకు మీమీద కక్ష సాధిస్తే అది చట్టవిరుద్ధం. 90 రోజుల్లోగా ఆ శాఖకు ఫిర్యాదు చేయండి. హెచ్-1బి మీద ఉన్నా ఈ హక్కు మీదే.