ఉమ్మడి నేలలో రెండవ యిల్లు

కుటుంబము పెరిగినకొలది పాత యిల్లు చాలకుండును. పెద్దవానికి బిడ్డలు కలిగిరి; చిన్నవానికి వివాహమైనది; ధాన్యము నిలువ చేయుటకు గది లేదు. అంతట తండ్రి చిన్నకుమారుని బిలిచి, "రోడ్డువారగా మన చేనున్నది గదా, అందొక యిల్లు కట్టుకొనుము" అనును. ఇందు తప్పేమియు లేదు. అయితే ఆ చేను నేడు కాకున్న రేపు పంచుకొనవలసినదే. పంపకపు గీత యెచ్చట పడునో యెరుగకయే పునాది త్రవ్వుట మన పల్లెలలో పరిపాటియైనది. గీతను కాగితముమీద జరుపవచ్చును గాని గోడను జరుపలేము గదా! కావున ఇటుకలు తోలించుటకు ముందే రైతులు యోచింపవలసిన సంగతులు కొన్ని యిచట వివరించుచున్నాము.

మొట్టమొదట ఆ నేల పిత్రార్జితమా, తండ్రి స్వార్జితమా అను విషయము తేలవలెను. తాతగారి నేల యైనంతమాత్రమున అది పిత్రార్జితమని పలువురు తలంతురు. అది పొరపాటు. తాత స్వయముగా సంపాదించిన భూమి 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము వచ్చిన పిమ్మట ఆయన మరణమువలన తండ్రికి సంక్రమించినచో, అది తండ్రి సొంత ఆస్తిగానే యెంచబడును. అట్టి దానియందు బిడ్డలకు పుట్టుకతో హక్కు లేదు. నిజమైన పిత్రార్జితమందు మాత్రము కుమారునివలెనే కుమార్తెకును పుట్టుకతో సమభాగము కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమందు ఈ హక్కు 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అప్పటికి వివాహము కాని కుమార్తెలకు లభించినది. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి వివాహితలకు సైతము దేశమంతటను లభించినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని సుప్రీముకోర్టు 2020 ఆగస్టు 11వ తేదీన తీర్పు చెప్పినది. ముసల్మాను, క్రైస్తవ సభ్యులకు పుట్టుకహక్కు అనునది లేదు; వారి లెక్క వేరు.

ఒక లెక్క చూతము. తండ్రి, తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తెయు గల కుటుంబమునకు 3 ఎకరముల 20 సెంట్లు, అనగా 320 సెంట్ల పిత్రార్జిత మున్నదనుకొందము. తండ్రి బ్రతికియుండగా పంచినచో తండ్రికిని ముగ్గురు బిడ్డలకును తలకు 80 సెంట్లు. తండ్రి వీలునామా వ్రాయక కాలముచేసిన పిదప పంచినచో, ఆయన 80 సెంట్లు భార్యకును ముగ్గురు బిడ్డలకును సమముగా పోవును. తల్లికి 20, బిడ్డలకు తలకు 100 సెంట్లు వచ్చును. అదే నేల తండ్రి స్వార్జితమై, వీలునామా లేకుండ ఆయన పోయినచో, తల్లికిని ముగ్గురు బిడ్డలకును తలకు 80 సెంట్లు. నేల యొక్కటే, మనుష్యులును వారే. గీతలు మాత్రము మారినవి.

ఇప్పుడీ చేను రోడ్డువెంట 160 అడుగుల వెడల్పు, లోనికి సుమారు 870 అడుగుల పొడవు కలదనుడు. చిన్నవాడు చూపునకు బాగుండునని నడిమధ్యను, రోడ్డున కెదురుగా ఇల్లు కట్టెను. నలుగురికి పంచినచో ఒక్కొక్కరికి 40 అడుగుల పట్టీ వచ్చును. రెండవ గీత సరిగా వాని నట్టింటిలోనుండి పోవును! అట్లుగాక దక్షిణపు గట్టువార మొదటి 40 అడుగులలో, ఇరువైపుల అయిదేసి అడుగులు విడిచి 30 అడుగుల యిల్లు కట్టియుండినచో, భాగము 40 అడుగులైనను 50 అడుగులైనను ఇల్లు వాని పట్టీలోనే నిలుచును. కాబట్టి రాగల భాగములలో మిక్కిలి చిన్నదానిని లెక్కించి, దానిలో ఇముడునట్లు ఒక అంచున కట్టుట మేలు. ఇంత సన్నని పొడవు పట్టీలు సేద్యమునకు అనుకూలము కావని రైతులందురు, నిజమే. రోడ్డువార ఇండ్లచోట్లను విడిగాను, వెనుక సాగునేలను విడిగాను పంచుకొనవచ్చును. అట్లయిన వెనుకకు ట్రాక్టరు పోవుటకు 12 అడుగుల బాట నిప్పుడే విడువవలెను. బోరునీటిలో ఎవరెవరికి పాలున్నదియు, పైపు ఏ వారగా పోవునదియు వ్రాసికొనవలెను. మరుగుదొడ్డి గుంట బోరునకు 50 అడుగుల లోపున ఉండరాదు. ఆ బోరు రేపు తోబుట్టువు భాగమునకు పోవచ్చును.

ఇంటికి పెట్టిన సొమ్ము మాట. "నా డబ్బుతో కట్టితిని గనుక ఇల్లు నాది" అని చిన్నవాడనును. "నేల అందరిది గదా" అని అన్నగారందురు. ఉమ్మడి నేలలో ఒక పాలివాడు కట్టినంతమాత్రమున ఆ నేల అతనిది కాదు. ఇతరులకు అన్యాయము కానిచో, కట్టినవానికే ఆ భాగము వచ్చునట్లు పంచుటకు న్యాయస్థానములు చూచును. కాని సొమ్ము తనదేయని అతడు చూపవలెను. సిమెంటు, ఇనుము కొనిన రసీదులు, బ్యాంకు లెక్కలు దాచుట కిదియే కారణము. ఉమ్మడి పంటసొమ్ముతో సగము, తన జీతముతో సగము కట్టినవారికి చిక్కు మరింత హెచ్చు.

ఆడపడుచు సంగతి మన యిండ్లలో నోటిమాటతో పోవుచుండును. పెండ్లికి బంగారము పెట్టితిమి గనుక ఆమెకు పాలు లేదనుట చెల్లదు. ఆమె మనఃపూర్వకముగా వదలుకొనదలచినను, నూరు రూపాయలకు తక్కువ కాని స్థిరాస్తిపై హక్కు విడుదల దస్తావేజు 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు కావలెను. ఆమెను అడుగకయే పునాది వేయుట ధర్మమును కాదు, క్షేమమును కాదు. అమ్మాయి పుట్టింటికి వచ్చినపుడు అందరును కూర్చుండి, పటము గీచి మాటాడుకొనుట యెంత పని!

అన్నిటికంటె మేలైన దారి ముందు పంచుకొని పిదప కట్టుట. పంపక దస్తావేజు రిజిస్టరు చేయించి, చెక్కుబందీలు, కొలతలు, బాట, బోరు అందు వ్రాయించి, సర్వేయరుచే సబ్ డివిజను చేయించుకొనవలెను. పాసుపుస్తకములో ఒక్కరి పేరే యున్నంతమాత్రమున తక్కినవారి హక్కు పోదు. పేరు ఎక్కినంతమాత్రమున పంపకము జరిగినట్లును కాదు. నేల తండ్రి స్వార్జితమైనచో ఇంటిచోటు మట్టునకు ఆయనయే దానసెటిల్మెంటుగా రిజిస్టరు చేసి యీయవచ్చును. సాగునేలలో ఇల్లు కట్టుటకు వలసిన అనుమతుల నియమములు ఆంధ్రలోను తెలంగాణములోను ఒక్క రీతిగా లేవు. పంచాయతీ కార్యాలయమునను తహశీల్దారు కచ్చేరియందును ముందుగా విచారింపవలెను.

తుదకు అప్పు మాట. విడదీయని పాలును ఒక్కరు తాకట్టు పెట్టినచో, పిదప పంపకమున వారికి వచ్చిన భాగముమీదికే ఆ తాకట్టు మారును. ఇల్లున్న చోటు మరియొకరికి పడినచో అప్పిచ్చినవారికి ఇల్లు దక్కదు. అందుచేతనే అప్పిచ్చువారు పాలివారందరి సంతకములను కోరుదురు. ఇది సభ్యునియందు నమ్మకము లేక కాదు. ఇంటియప్పునకు వచ్చు సభ్యులు వంశవృక్షమును, చేని పటమును, పాలివారి సమ్మతిని వెంట దెచ్చినయెడల పని త్వరగా సాగును.