ఒంటరి గదిలో ఉగాది పచ్చడి

చైత్ర శుద్ధ పాడ్యమి నాటికి వేపచెట్లు పూయును. క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, లేత మామిడికాయలు అంగళ్లకు వచ్చును. ఉప్పుకారములు తప్ప ఉగాది పచ్చడికి కావలసినవన్నియు ఆ ఋతువే సమకూర్చును.

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్ట వసతిగృహములలో కంప్యూటరు విద్యకై వచ్చిన యువకులు పెక్కండ్రు కలరు. ఒక్కనాటి సెలవులో దూరపు ఊరికి పోయి రాలేనివాడు గదిలోనే పచ్చడి కలుపుకొనును. దీనికి పొయ్యి అక్కరలేదు, అదియొక మేలు. చింతపండు నానబెట్టి పిసికి, ఆ రసములో బెల్లము కరిగించి, మామిడిముక్కలు, ఉప్పు, కారము వేయవలెను. కాడలు తీసిన వేపపూవును చివరనే చల్లవలెను. ముందే వేసినచో చేదు అంతటికిని దిగును.

ఇంటిలో తల్లి వడ్డించినపుడు వేపపూవును ప్రక్కకు నెట్టినవాడే, ఇచట గిన్నె అడుగున మిగిలిన రేకులను సయితము వ్రేలితో తీసి తినును.