చిన్న పడవలు – కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం

ప్రస్తావన

వికారాబాద్, తాండూరు పట్టణాల మధ్య ప్రాంతంలో ఉన్న కోట్‌పల్లి జలాశయం కయాకింగ్‌కు పేరుపొందింది. కయాక్‌ను తెడ్డుతో నడుపుతారు. దానికి ఇంజిను ఉండదు కాబట్టి పొగ కూడా ఉండదు. హుస్సేన్ సాగర్‌లో తిరిగే స్పీడ్ బోట్ల సంగతి వేరు. వాటిని నడిపేది ఇంజిను. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల లాంచీ మునిగిపోయిన తర్వాత, పడవ భద్రత అనగానే మనకు లైఫ్ జాకెట్ గుర్తుకు వస్తోంది. అది తప్పనిసరే. అయితే లైఫ్ జాకెట్ అడ్డుకోలేని ప్రమాదం మరొకటి ఉంది. అది ఇంజిను పొగలోని కార్బన్ మోనాక్సైడ్. పైకప్పు లేని పడవలో, నాలుగు వైపులా గాలి వీస్తుండగా ఈ వాయువు మనిషిని ఎలా పడగొట్టగలదో ఇప్పుడు పరిశీలిద్దాం.

వాయువు స్వభావం

పెట్రోలు పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఏర్పడతాయి. ఆక్సిజన్ చాలనప్పుడు దహనం అసంపూర్ణంగా జరిగి కార్బన్ మోనాక్సైడ్ కూడా వెలువడుతుంది. దీనికి రంగు, వాసన, రుచి లేవు. దీని అణుభారం 28, గాలి సగటు అణుభారం సుమారు 29. అందువల్ల ఇది పూర్తిగా పైకి తేలిపోదు, కిందికీ దిగదు. గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది.

మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్‌తో బంధం 200 రెట్లకు పైగా బలమైనది. ఈ రెండూ కలిసి కార్బాక్సీ హీమోగ్లోబిన్‌గా మారినప్పుడు మెదడుకు, గుండెకు అందే ఆక్సిజన్ తగ్గిపోతుంది. మామూలు గాలి పీలిస్తే ఈ పదార్థం రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు.

ఆరుబయట ప్రమాదం ఎలా?

తాండూరు రోడ్డుపై దుమ్ములో ప్రయాణించిన బస్సును గమనించండి. ముందు అద్దం కంటే వెనుక అద్దం మీదే దుమ్ము ఎక్కువగా పేరుకుంటుంది. వేగంగా కదిలే వాహనం వెనుక పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి వచ్చే గాలి దుమ్మును కూడా లోపలికి లాక్కొస్తుంది. పడవ వెనుక జరిగేది కూడా ఇదే. ఇంజిను పొగ వెలువడేది పడవ వెనుక భాగంలోనే కాబట్టి, అది దూరంగా పోకుండా వెనుక కూర్చున్నవారి ముఖం మీదికే తిరిగి రావచ్చు. ఎండకో వానకో టార్పాలిన్ కట్టిన పడవలో ఆ పొగ మరింతసేపు నిలుస్తుంది. ఇంజిను ఆపకుండా ఒడ్డున నిలిపి ఉంచినప్పుడు, పక్కపక్కనే పడవలు కట్టినప్పుడు, గాలి వీచే దిశలోనే పడవ నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా ఇదే ముప్పు.

ఒక లెక్క చూద్దాం. పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం ఉందనుకుందాం. అంటే పది లక్షల భాగాల్లో 30,000 భాగాలు. ఈ పొగ 25 రెట్ల గాలిలో పలుచబడినా 1,200 భాగాలు మిగులుతాయి. అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ తక్షణ ప్రాణాపాయ స్థాయిగా నిర్ణయించింది సరిగ్గా ఈ 1,200 భాగాలనే. మన దేశపు గాలి నాణ్యత ప్రమాణం ఒక గంటకు ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములు, అంటే సుమారు 3.5 భాగాలు. ఈ రెండు అంకెల మధ్య తేడాను గమనించండి.

మునకగా నమోదయ్యే మరణాలు

2000 ఆగస్టులో అమెరికాలోని పావెల్ సరస్సులో, ఒక హౌస్‌బోట్ వెనుక అరుగు కింద ఉన్న ఖాళీలోకి ఈదుకుంటూ వెళ్ళిన ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. జనరేటర్ పొగను ఆ ఖాళీలోకే వదిలేవారు. ఆ తర్వాత పాత రికార్డులను పరిశీలించగా, నీట మునిగి చనిపోయారని భావించిన కొందరి మరణాలకు అసలు కారణం ఈ వాయువేనని తేలింది. ఈత వచ్చినవారు కూడా స్పృహ తప్పితే మునిగిపోతారు. రక్తంలో కార్బాక్సీ హీమోగ్లోబిన్‌ను పరీక్షించకపోతే అసలు కారణం బయటపడదు, కారణం తెలియని ప్రమాదం మళ్ళీ జరుగుతుంది.

గుర్తించడం – ప్రథమ చికిత్స

తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం, తికమక దీని తొలి లక్షణాలు. వీటిని వడదెబ్బగానో, పడవ కుదుపుగానో, మద్యం ప్రభావంగానో పొరబడతారు. ఇంజిను నడుస్తున్న పడవలో ఎవరికైనా ఈ లక్షణాలు కనిపిస్తే ముందుగా పొగనే అనుమానించండి. ఇంజిను ఆపించి, బాధితుణ్ణి పొగకు దూరంగా మంచి గాలిలోకి చేర్చి, 108కి ఫోన్ చేయండి. ఇంజిను పొగ పీల్చారని వైద్యుడికి తప్పక చెప్పండి. కోవిడ్ కాలంలో మనందరికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మరాదు. అది కార్బాక్సీ హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్‌గా లెక్కించి, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి కూడా 98 అని చూపవచ్చు.

జాగ్రత్తలు

1. ఇంజిను నడుస్తుండగా పడవ వెనుక అంచున కూర్చోవడం, దాన్ని పట్టుకుని వేలాడడం, దాని వెనుక ఈదడం చేయకూడదు.
2. నీళ్ళలో ఉన్నవారిని పైకి ఎక్కించుకునే ముందు ఇంజిను ఆపాలి. దీనివల్ల ప్రొపెల్లర్ గాయాలు కూడా తప్పుతాయి.
3. పడవ నిలిపి ఉన్నప్పుడు ఇంజిను నడపరాదు.
4. పిల్లలను పొగగొట్టానికి దూరంగా కూర్చోబెట్టాలి.
5. పొగ వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకూడదు. ఈ వాయువును పసిగట్టేది పరికరమే కాని ముక్కు కాదు.

డీజిల్ ఇంజిను నుంచి ఈ వాయువు తక్కువగా వెలువడుతుంది కాని, అసలు లేకుండా పోదు. బ్యాటరీ మోటారు నుంచి మాత్రం రాదు.

సారాంశం

బహిరంగ ప్రదేశం అయినంత మాత్రాన కార్బన్ మోనాక్సైడ్ నుంచి రక్షణ లభించదు. పొగ వెలువడే చోటికి మనిషి ఎంత దగ్గరగా ఉన్నాడు, గాలి ఎటు వీస్తోంది అన్నవే కీలకం. దుకాణం ముందు పెట్రోలు జనరేటర్‌కు, మూసిన గదిలో కుంపటికి కూడా ఇదే రసాయన శాస్త్రం వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావాన్ని పల్స్ ఆక్సీమీటర్ ఎందుకు గుర్తించలేదు?
2. పొగలో ఈ వాయువు 2 శాతం ఉంటే, ఎన్ని రెట్ల గాలిలో పలుచబడినప్పుడు 200 భాగాలకు తగ్గుతుంది?
3. మీకు దగ్గరలోని జలాశయంలో ఇంజిను పడవలు ఉంటే, పొగగొట్టం ఎక్కడ ఉందో, ప్రయాణికులు ఎక్కడ కూర్చుంటున్నారో గమనించి ఒక పేజీ నివేదిక రాయండి.