ఒకే గదిలో ఐదు తరగతులు



హోసూరు పక్కన ఒక పల్లెనో, కోలారు వైపు ఒక పల్లెనో తలచుకోండి. ఊరి చివర చింతచెట్టు. దాని పక్కన చిన్న తెలుగు బడి. రెండు గదులు, ఇద్దరు అయ్యవార్లు, ఐదు తరగతులు. ఒక అయ్యవారు మీటింగుకు వెళ్లిన రోజున ఐదు తరగతులూ ఒకే గదిలోకి వస్తాయి. ఇది మన చిన్న బడులకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారమే 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. ఇద్దరు మనుషులు ఐదు తరగతులకు పాఠం చెప్పడం ఎలాగ? ఈనాటి ప్రసంగంలో ఆ సంగతి చెప్పుకుందాం.

పాత పద్ధతి మనకందరికీ తెలిసిందే. అయ్యవారు ఐదో తరగతికి లెక్క చెబుతుంటే, ఒకటో తరగతి పిల్లలు పలకల మీద అ, ఆ లు దిద్దుతూ కూర్చోవాలి. బలపం అరిగిపోతుంది గానీ చదువు రాదు. వేరుశనగ పీకే రోజుల్లో ఒక పిల్లవాడు పదిహేను రోజులు బడి మానేశాడనుకోండి. తిరిగి వచ్చేసరికి పాఠం ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఇక వాడు వెనకబడినట్టే.

ఈ చిక్కుకు ఒక దారి మన తెలుగు నేల మీదే దొరికింది. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఒక పద్ధతిని తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టుకు కొన్ని కార్డులు పెట్టారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకొని, ఆ మెట్టు కార్డు తెచ్చుకుంటాడు. పదిహేను రోజులు బడికి రాకపోయినా, ఆపిన మెట్టు నుంచే మళ్లీ మొదలుపెడతాడు. వెనకబడ్డావన్న మాటే ఉండదు.

మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా ఉపాధ్యాయులు ఋషివ్యాలీకి వెళ్లి ఈ పద్ధతిని చూసి వచ్చారు. 1995లో కన్నడంలో 'నలి-కలి' మొదలైంది. సంతోషంగా ఆడుతూ నేర్చుకో అని ఆ మాటకు భావం. 2003లో చెన్నై నగరపాలక సంస్థ వారు 13 బడుల్లో ఇదే దారి పట్టారు. తర్వాత కొన్నేళ్లకు తమిళనాడు ప్రభుత్వ బడులన్నిటికీ అది విస్తరించింది. తెలుగు పల్లెలో పుట్టిన పద్ధతి ఇరుగుపొరుగు భాషల్లోకి అలా వెళ్లింది.

ఇప్పుడు ఒక గదిలోకి వెళ్లి చూద్దాం. పిల్లలు తరగతుల వారీగా కాకుండా గుంపులుగా చాపల మీద కూర్చుని ఉంటారు. కొత్త సంగతి నేర్చుకునే గుంపు దగ్గర అయ్యవారు ఉంటారు. కొంచెం వచ్చిన గుంపులో ఒక పెద్దపిల్ల చిన్నవాళ్లకు సాయం చేస్తుంది. బాగా వచ్చిన వాళ్లు తమంతట తామే పని చేసుకుంటారు. అయ్యవారు ఒక్కరే అయినా ఏ గుంపూ ఊరికే కూర్చోదు.

పని ఏమిటంటారా? బడి ముందు చింతచెట్టు ఉంది గదా, చింతగింజలతోనే చూద్దాం. ఒకటో తరగతి పిల్ల గింజలు లెక్కపెడుతుంది. రెండో తరగతి పిల్లవాడు పదేసి గింజలు ఒక కుప్ప పోసి, రెండు కుప్పలూ నాలుగు విడి గింజలూ కలిస్తే 24 అని తెలుసుకుంటాడు. మూడో తరగతి వాళ్లు అవే 24 గింజలను నాలుగు వరుసల్లో ఆరేసి, మూడు వరుసల్లో ఎనిమిదేసి, రెండు వరుసల్లో పన్నెండేసి పేరుస్తారు. ఎక్కం బట్టీ పట్టకముందే కళ్లకు కనబడుతుంది. నాలుగో తరగతి వాళ్లు 25 గింజలను నలుగురికి పంచుతారు. తలా ఆరు వచ్చి ఒకటి మిగులుతుంది. శేషం అంటే అదే. ఐదో తరగతి వాళ్లు 24 గింజల్లో మూడో వంతు ఎనిమిది, ఎనిమిదో వంతు మూడు అని తేలుస్తారు. మూడు కన్నా ఎనిమిది పెద్దది గాబట్టి ఎనిమిదో వంతు పెద్దదనుకునే పొరపాటు అక్కడితో పోతుంది. 23 గింజలిచ్చి సమానమైన వరుసలు పేర్చమంటే, ఎంత తంటాలు పడినా ఒకే పొడుగు వరుస తప్ప కుదరదు. ప్రధాన సంఖ్య ఏమిటో వాళ్లకు వేళ్లతో తెలుస్తుంది. గుప్పెడు చింతగింజలు ఐదు తరగతులకూ పాఠమయ్యాయి.

అయితే భాష దగ్గరికి వచ్చేసరికి సరిహద్దు బడిలో ఒక మెలిక ఉంది. నలి-కలిలో అక్షరాలను అ, ఆ ల వరుసలో నేర్పరు. ర, గ, స, ద, అ అని మొదలుపెడతారు. ఎందుకంటే ఆ ఐదు అక్షరాలతోనే కన్నడ పిల్లవాడు దసర, అరస, అగస, గరగస అని నిజమైన మాటలు చదవగలడు. మొదటి వారాల్లోనే తనకు చదువు వచ్చిందన్న ధైర్యం కలుగుతుంది. అదే వరుసను తెలుగు బడిలో ఉన్నదున్నట్టు పెడితే ఏమవుతుంది? అరస మనకు రాజు, అగస చాకలి, గరగస రంపం. ఆ అక్షరాలతో మన మాటలు గద లాంటివి కొన్ని తప్ప రావు. పిల్లవాడికి అక్షరం వస్తుంది గానీ మాట రాదు.

మన బడికి మన వరుస కావాలి. ప, ల, క, త, డ తీసుకుని చూడండి. పలక, తల, కల, కలప, పడక, తడక, అన్నీ పిల్లవాడికి ఇంట్లో తెలిసిన మాటలే. కార్డును పక్క భాష నుంచి మాటకు మాట మార్చుకుంటే చాలదు. మన పిల్లల నోట ఆడే మాటల నుంచి కొత్తగా రాసుకోవాలి. పాత క్యాలెండర్ల అట్టలు, స్కెచ్ పెన్నులు ఉంటే ఈ పని ఇద్దరు అయ్యవార్లు వేసవి సెలవుల్లో చేయగలరు.

సరిహద్దున ఉండటం పెద్ద తరగతులకు లాభం కూడా. ఐదో తరగతి పిల్లల చేత తెలుగు, కన్నడ మాటలు పక్కపక్కన రాయించండి. మన చెవి వాళ్ల కివి. మన చెరువు వాళ్ల కెరె. మన చెయ్యి వాళ్ల కై. కన్నడంలో 'క' ఉన్న చోట మనకు 'చ' వస్తోందని పిల్లలే పట్టేస్తారు. భాషా పండితులు పుస్తకాల్లో రాసిన సంగతి అది. రెండు భాషల మధ్య పెరగడం లోటు కాదని వాళ్లకు అప్పుడు అర్థమవుతుంది.

ఇక తల్లిదండ్రుల మాట. "పిల్లోణ్ణి బడికి పంపితే చింతగింజలు ఆడిస్తా ఉండారంట, సదువేది అయ్యవారూ?" అని అడిగే తల్లులున్నారు. ఆ అడగడంలో తప్పు లేదు. పక్క టౌనులో ఇంగ్లీషు బడి బస్సు వచ్చి గుమ్మం ముందు నిలుస్తున్నప్పుడు ఆ సందేహం మరీ పెరుగుతుంది. దానికి జవాబు ఒకటే. "ఒక్క పూట వచ్చి కూర్చోని చూడక్కా" అని పిలవాలి. తన బిడ్డ కార్డు తీసి చదవడం తల్లి తన చెవులతో వినాలి. ఆ నమ్మకం కుదరకపోతే పిల్లలు ఒక్కొక్కరే తగ్గుతారు. పిల్లలు తగ్గితే బడి మూతపడుతుంది. మూతపడిన తెలుగు బడిని సరిహద్దు ఊళ్లో మళ్లీ తెరిపించడం చాలా కష్టం.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని మన రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. అయితే అధికరణం బడికి తలుపు తెరుస్తుంది గానీ, లోపల పలక మీద ఏం రాయాలో చెప్పదు. ఆ పని అయ్యవార్లది, మనది.

చిరిగిన కార్డులను ఏటా మార్చకపోతే, అయ్యవార్లకు శిక్షణ లేకపోతే, ఈ పద్ధతి కూడా గోడ మీది బొమ్మగా మిగిలిపోతుంది. అందుకని మీ ఊళ్లో తెలుగు బడి ఉంటే ఈ వారం ఒకసారి వెళ్లండి. ఒక సంచీ చింతగింజలు, నాలుగు పాత అట్టలు పట్టుకెళ్లండి. మీ అవ్వ చెప్పిన పొడుపుకథ ఒకటి పిల్లలకు వేయండి. విప్పినవాళ్ల చేత దాన్ని కార్డు మీద రాయించండి. రేపటికి అది ఇంకో పిల్లవాడికి పాఠమవుతుంది.