చెవితో చదివేవాళ్ళు

మన హాస్టల్లో కొందరికి పుస్తకం పట్టుకుని గంట కూర్చున్నా పాఠం ఎక్కదు. అదే పాఠం ఎవరైనా చదివి వినిపిస్తే మర్చిపోరు. వాళ్ళను మొద్దులు అంటున్నారు. అట్లా అనడం తప్పు. మన ఇళ్ళల్లో పుస్తకాలు ఎక్కడివి? ప్రధాన్ తాతలు కిక్రీ వాయిస్తూ గోండుల కథలు రాత్రంతా చెప్తారు. అవన్నీ పెద్దల దగ్గర విని నేర్చుకున్నవే.

హైదరాబాదులో నల్లకుంట దాటి తార్నాక వైపు పోతే, ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకుని ఇఫ్లూ ఉంది. ఇఫ్లూ అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థగా మొదలైంది, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. అక్కడ లాంగ్వేజ్ ల్యాబులో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని భాష వింటారు, విన్నది మళ్ళీ పలుకుతారు. ఎం.ఏ. చదివేవాళ్ళే విని నేర్చుకుంటుంటే మనకు సిగ్గెందుకు?

అయితే ఊరికే వింటే చాలదు (నిద్ర వస్తుంది!). ఒకరు ఒక పేరా చదివి ఆగాలి. విన్నవాళ్ళు సొంత మాటల్లో, గోండిలో అయినా సరే, తిరిగి చెప్పాలి. కష్టమైన మాట వస్తే పలక మీద రాసి చూపించాలి. ఆ తర్వాత అందరూ తెలుగులో రాయాలి, పరీక్షలో రాసేది చేతితోనే కదా. లెక్కలకు మాత్రం ఇది కుదరదు.

వార్డెన్ మేడంగారికి ఒక మనవి. స్టడీ అవర్లో నోరు మెదపొద్దు అంటున్నారు. రాత్రి ఒక్క అరగంట వరండాలో పైకి చదువుకోనివ్వండి. పదో తరగతి అక్కలకు ఇబ్బంది కాకుండా ఆ చివర కూర్చుంటాం.